తుపాకీ కదల్లేదు

పిస్కాటవేలో ఉన్న నా మనవలూ, మీ నాన్నమ్మ వీపు మీది మచ్చ కథ ఇది.

నిరుడు ఫ్రిస్కోలో మీ అత్త ఇంటికి వచ్చిన కొత్తలో, మీ మామయ్య నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. చిన్న తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో రెండు వందల గజాల దూరంలోని ఇనుప పళ్ళాన్ని కొట్టాలి.

"చీరెందుకు అత్తయ్యా? కాలర్ ఉన్న షర్ట్ వేసుకోండి" అన్నాడు. నేను వినలేదు.

అక్కడి ఆఫీసరమ్మ ఒక్కటే చెప్పింది, తుపాకీ గొట్టం పక్కకి తిరిగితే ఇక ఎప్పటికీ రానివ్వనని.

మొదటి ఐదు తూటాలూ గురి తప్పాయి. ఆరోది పేల్చబోతుంటే, పక్కనున్న మామయ్య రైఫిల్ నుంచి ఎగిరిన ఖాళీ తూటా తొడుగు నా జాకెట్ మెడలోంచి వీపు మీదికి జారింది. కాలిన అట్లకాడ అంటించినట్టయింది. గంతేస్తే గొట్టం మనుషుల వైపు తిరుగుతుంది. పళ్ళు బిగబట్టి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి, తుపాకీ బల్ల మీద పెట్టాకే కేక పెట్టాను. అందరి ముందూ ఆఫీసరమ్మ నా జాకెట్లో చెయ్యి పెట్టి దాన్ని తీసింది.

"సారీ అత్తయ్యా, ఇంటికెళ్ళిపోదాం."

"నువ్వు కూర్చో బాబూ. నాకింకా ఐదు తూటాలున్నాయి."

వాటిలో నాలుగోదానికి, క్షణం ఆగి, దూరంగా పళ్ళెం ఠంగుమంది.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అని మీ నాన్న ఫోన్‌లో ఇప్పటికీ అడుగుతాడు. ఆ మోత వింటే అడగడు. ఈ శనివారం మళ్ళీ వెళ్తున్నాను, చీరలోనే. మెడకి మాత్రం స్కార్ఫ్ చుట్టుకుంటాను.