మోగని గౌను

అది 2023 వేసవి. కెనడాలోని సార్నియాలో నాదొక చిన్న ఆల్టరేషన్ షాపు. కొత్త బట్టలు కుట్టను, ఉన్నవాటిని మనిషికి సరిపోయేలా మారుస్తాను. ఆ రోజుల్లో కాలేజీకి మన పిల్లలు తండోపతండాలుగా వచ్చేవారు. ఇంటర్వ్యూ కోటు చేతులు కురచ చేయించుకోవడానికి నా దగ్గరికొచ్చేవారు. బస్సులు అంతంతమాత్రం కాబట్టి, ఒకరి కారులోంచి నలుగురు దిగేవారు.

అలా కరీంనగర్ శ్రావణి తన క్లాస్‌మేట్ కైలాను వెంటబెట్టుకొచ్చింది. ఊరి పక్క రిజర్వ్‌లో, అంటే ఇక్కడి ఆదివాసుల నేల మీద, పుట్టి పెరిగిన ఒజిబ్వే తెగ పిల్ల. బల్ల మీద ఒక ఎర్ర గౌను పరిచింది. దాని నిండా వరసలుగా చిన్న చిన్న రేకు గొట్టాలు.

"ఆంటీ, మన గజ్జెల లెక్కనే ఉన్నయి గదా!" అంది శ్రావణి.

దాన్ని జింగిల్ డ్రెస్ అంటారట. జబ్బుపడ్డ బిడ్డ కోసం తల్లడిల్లిన ఒక తండ్రికి అది కలలో కనిపించిందని వాళ్ల నమ్మకం. ఈ గౌను కైలా అమ్మమ్మది. ఆమెకు ఇప్పుడు చూపు లేదు. శనివారం పౌవౌలో, అంటే వాళ్ల నాట్యాల జాతరలో, ఆమె ముందు ఇదే వేసుకుని ఆడాలని కైలా కోరిక. కానీ చంకల దగ్గర పట్టేస్తోంది.

"కోపంగా ఉన్నప్పుడు మాత్రం దీన్ని ముట్టుకోకండి ఆంటీ," అంది కైలా. శ్రావణిని చూసి తనూ నన్ను ఆంటీ అనేది. "కుట్టేవాళ్ల మనసు గౌనులోకి వెళ్తుంది."

నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా మాటిచ్చాను. చిరాకేసినప్పుడల్లా సూది పక్కన పెట్టి, టీ తాగి వచ్చేదాన్ని. చంకల కింద గస్సెట్ వేశాను, అంటే చెయ్యి ఆడటానికి అదనపు ముక్క. గొట్టాలన్నీ వేలాడుతుంటే పాత దారం వదులైందనుకున్నాను. పనిలో పనిగా ఒక్కొక్కటీ లెహంగా అద్దాల్లా కదలకుండా బిగించి కుట్టాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

శుక్రవారం కైలా తొడుక్కుంటే అతికినట్టు సరిపోయింది. నాలుగడుగులు వేసింది. చప్పుడు లేదు.

"అమ్మమ్మకు నేను కనిపించను కదా ఆంటీ," అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. "ఇది మోగకపోతే నేనక్కడ లేనట్టే."

"ఏడవకమ్మా. ఎలా ఉండాలో చూపించు, ఇప్పుడే ఆ కుట్లు విప్పేద్దాం," అన్నాను.

షాపు మూసేసి ముగ్గురం కూర్చున్నాం. ప్రతి గొట్టం రిబ్బన్ కొసన వేలాడుతూ పక్కదాన్ని తాకాలి. కైలా ఏదో పాట సన్నగా తీసింది. శ్రావణి బల్ల మీద వేళ్లతో తాళం వేసింది. సాయంత్రపు ఎండ వచ్చి ఎర్ర గుడ్డ మీద వాలింది. ఆ పూట నిజంగా జరిగిందా, కల కన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు డోళ్లు మోగుతుంటే, పచ్చిక మీద పాదాలు పెద్దగా లేపకుండానే కైలా ఆడింది. నేను అమ్మమ్మ కుర్చీ వెనకాల నిలబడ్డాను. వాన జల్లు లాంటి ఆ సవ్వడి దూరమైంది, మళ్లీ దగ్గరైంది. అది ఎటు వెళితే ఆమె ముఖం అటు తిరిగింది.

"ఎడమ కాలు తొందరపడుతోంది," అని గొణిగి, ముసిముసిగా నవ్వింది. "ఆ వయసులో నాదీ అంతే."

నాకు ఏడుపాగలేదు.

బట్ట నిలబడ్డ మనిషికి సరిపోతే చాలదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ట్రయల్‌కి ఎవరొచ్చినా, "నాలుగడుగులు నడువు నాయనా," అని కళ్లు మూసుకుని వింటాను. కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.