మూరగోడ అవతలి డబ్బా

"ఏమే, అవతలి డబ్బాకి లైటు వెలుగుతందా?"

"వెలుగుతంది మావా, పచ్చంగా. నువ్వు పడుకో."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. చావుకు వచ్చిన చుట్టాలంతా ఆఖరుగా ఏమన్నాడు, పొలం సంగతి చెప్పాడా, కొడుకు సంగతి చెప్పాడా అని నన్ను అడిగారు. లైటు వెలుగుతుందా అని అడిగాడని చెబితే, పాపం దీనికి మతి చెదిరిందనుకుని మంచినీళ్ళు ఇచ్చారు. నాకేమీ చెదరలేదు. ఆ లైటు వెనక మా ఇద్దరి సంగతి ఒకటి ఉంది. అది నేను చెబుతాను, మా కోడలు రాస్తుంది. నాకు సంతకం వరకే వచ్చు (అందులోనూ చివరి అక్షరం ఒక్కోసారి కాగితం దాటి బల్ల మీదికి పోతుంది).

ఆ రోజుల్లో, అంటే ఒక నాలుగేళ్ళ కిందట, నేను పడుచుదాన్ని. (నవ్వకు అమ్మాయ్, రాయి.) అప్పటికి యాభై దాటి ఒక్క ఏడే. ఇప్పటి మోకాళ్ళతో పోల్చి చూస్తే అది పడుచుతనం కాక మరేమిటి? ఆ వయసులో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ముఖ్యంగా ఇంటి సంగతి. ఎందుకంటే మా ఇల్లు ఎవరో కట్టి ఇచ్చింది కాదు. మా ఆయన రాతిపని మేస్త్రి. గురజాల నుంచి మాచర్ల దాకా ఆయన కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఏ గోడ కట్టినా మూరెడు మందానికి తగ్గించేవాడు కాదు కనుక అందరూ ఆయన్ని మూరగోడ మేస్త్రి అనేవాళ్ళు. పెళ్ళైన మొదటి ఏడు మా సొంత ఇల్లు మొదలుపెడితే, రాయి అందించిందీ సిమెంటూ ఇసుకా కలిపిన మాలు తట్టలతో మోసిందీ నేనే. ముందు గదికీ వెనక గదికీ మధ్య ఉన్న గోడ ఆయన ప్రాణం. దానికి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. మా పెళ్ళి ఫోటో కూడా ముప్పై ఏళ్ళు బీరువా మీద వాలి నిలబడిందే గానీ గోడ ఎక్కలేదు. ఒక్క క్యాలెండరుకు మాత్రం తనే ఒక మేకు కొట్టుకున్నాడు. ఏటా జనవరి రాగానే పాతది తీసి కొత్తది కూడా తనే తగిలించేవాడు. తిథులు చూసుకోవడానికి కాబోలు అనుకునేదాన్ని.

మా కోడలు డిగ్రీ చదివింది. హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. పని ఏమిటంటే, ఎవరెవరో ఫోన్ చేసి మా ఫ్రిజ్ చల్లబడటం లేదు, మా మిషను తిరగడం లేదు అని తిడుతుంటే, చెవులకు ఒకటి తగిలించుకుని "క్షమించండి సార్, ఇప్పుడే చూస్తాను" అని చెప్పడం. అత్తతో వేగడానికి ఇంతకంటే మంచి చదువు లేదని నేనే అనేదాన్ని. కొడుకు సున్నపురాయి లారీ ఎక్కితే వారానికి గానీ దిగడు. మా ఆయన మనుషులకంటే గోడలతో ఎక్కువ మాట్లాడే రకం. ఇంట్లో నాతో నోరు విప్పే మనిషి కోడలు ఒక్కతే.

వైఫై ఇచ్చే నెట్టు డబ్బా ముందు గదిలో ఉండేది, వీధి స్తంభం నుంచి తీగ అక్కడికే వచ్చింది కనుక. కోడలు అక్కడ కూర్చుని పనిచేద్దామంటే బయట టిప్పర్ల హారన్లు, లోపల నా గొంతు. నాది మామూలు గొంతు కాదు. నేను కోడిని పిలిస్తే పక్క బజారు కోళ్ళు కూడా వస్తాయి. ఒకసారి ఎవరో ఫోన్లో "మేడం, మీ వెనకాల ఎవరో కొట్టుకుంటున్నారు" అన్నారట. నేను పాలాయన్ని యోగక్షేమాలు అడుగుతున్నానంతే. అందుకని కోడలు వెనక గదిలోకి మారి తలుపు మూసుకుంది. అక్కడ నెమ్మది ఉంది గానీ నెట్టు లేదు. మూరెడు రాతిగోడ దాటి రావడం దాని వల్ల కాలేదు. మాట మధ్యలో తెగిపోవడం, అవతలివాళ్ళు రెండింతలు తిట్టడం మొదలైంది. ఒకరోజు ఆమె బయటికి వచ్చి గడప మీద కూర్చుంది.

"అత్తయ్యా, మా సూపర్‌వైజర్ సోమవారం దాకా చూస్తానంటోంది. ఆ తర్వాత ఒక్క కాల్ తెగినా హైదరాబాదొచ్చి ఆఫీసులోనే కూర్చోమంటోంది."

"పోతావా?"

"పోకపోతే తీసేస్తారు."

అంతటితో ఊరుకోలేదు, అటక మీది సూట్‌కేసు దింపి తుడిచి గోడకు ఆనించింది. 

తీగ వేసినాయన్ని పిలిచాం. ఎక్కడికి వచ్చినా నిచ్చెన మోసుకొచ్చేవాడు కనుక మేమంతా నిచ్చెనాయన అనేవాళ్ళం. ఆయన గోడ మీద అరచేత్తో కొట్టి, "ఇది ఇల్లు కాదు పెద్దమ్మా, కోట. వెనక గదిలో రెండో డబ్బా పెట్టుకోండి. ముందు డబ్బా నుంచి దానికొక తీగ పోవాల" అని చెప్పి తీగ ఇచ్చి పోయాడు. కోడలు డబ్బా తెప్పించింది. తీగను తలుపు సందులోంచి లాగుదామంటే, మా ఆయన బిగించిన తలుపు మూస్తే కాగితం కూడా దూరదు. ఒక పూటకే తీగ నలిగి చచ్చింది. గోడకు కన్నం పెట్టడం తప్ప దారి లేదు.

"నా గోడకి కన్నమా?" అన్నాడు మా ఆయన. "నా ఒంటికి పెట్టండి."

"ఒంటికి దేవుడు తొమ్మిది పెట్టాడు మావా. నీ గోడకి ఒక్కటి అడగతన్నా."

ఆయన లేచి అరుగు మీదికి పోయి వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు అదే కూర్చోవడం. శనివారం వచ్చింది. సూట్‌కేసులో నాలుగు చీరలు పడ్డాయి. ఇక లాభం లేదని, ముప్పై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నది బయట పెట్టడానికి నేనే అరుగు మీదికి వెళ్ళాను.

రాతిగోడ ఎత్తు పెరిగేకొద్దీ మేస్త్రి నిలబడడానికి కర్రలతో సారవ కడతారు. ఆ కర్రల కొసలు గోడలో నుంచి అవతలికి పోతాయి. పని అయ్యాక కర్ర లాగేసి, ఆ కన్నాన్ని రాయీ మాలూ దట్టించి పూడ్చాలి. మా ఇంటికి ఆ పని నాది. అన్నీ పూడ్చాను. ఆఖరుదాని దగ్గరకు వచ్చేసరికి తట్ట అడుగున కాస్త మాలే మిగిలింది. అవతల తిరునాళ్ళకు ట్రాక్టరు హారన్ కొడుతోంది. కొత్త పెళ్ళికూతుర్ని, గాజులు కొనుక్కోవాలి. మళ్ళీ మాలు ఎవరు కలుపుతారు? గోనెసంచీ, చేతికి దొరికిన ఇంకేదో గుడ్డా కుక్కి, రెండు వైపులా బొటనవేలి మందాన మెత్తి ట్రాక్టరు ఎక్కాను. "నిండా పూడ్చినావా?" అని ఆయన అడిగితే "పూడ్చినా" అన్నాను. ఊరంతా ఆ గోడను పొగిడినప్పుడల్లా నేను పని ఉన్నట్టు వంటింట్లోకి పోయేదాన్ని.

"మావా," అన్నాను, "కొత్తగా కన్నం పెట్టబళ్ళేదు. ఆ గోడలో ఒకటి ఉంది. సారవ కన్నం ఒకటి నేను పూడ్చలా. గోనె కుక్కి మెత్తినా."

ఆయన వీధి వైపే చూస్తూ "తెలుసే" అన్నాడు.

"ఏంది తెలిసేది?"

"క్యాలెండర్ యాడుంది?"

నేను వెనక్కి తిరిగి తలుపులోంచి గోడను చూశాను. క్యాలెండర్ సరిగ్గా ఆ కన్నం మీద ఉంది.

"ఇల్లు కట్టిన వారానికే తట్టి చూసినా. డొల్లగా మోగింది. అడుగుదామని వస్తే నువ్వు చేతినిండా గాజులేసుకుని, బాగున్నయ్యా అని నన్నే అడిగితివి. ఏం అడగను? మేకు కొట్టి క్యాలెండర్ పెట్టినా."

ఆయన తనే లేచి చిన్న సుత్తి తెచ్చాడు. క్యాలెండర్ తీసి రెండు దెబ్బలు వేస్తే పెచ్చు ఊడింది. గోనె ముక్కలు రాలాయి. వాటి వెనక ఒక ఆకుపచ్చ గుడ్డ వచ్చింది. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మా అమ్మ చీర. గాలికి కొట్టుకపోయిందంటివి."

"గాలి ఇటు తోలింది మావా."

కోడలు గోడకు ఆనుకుని కూర్చుండిపోయి నవ్వింది. వారం రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

తీగ అటు దూర్చి కొత్త డబ్బాకు తగిలించాం. లైట్లు వెలిగాయి గానీ ఏదీ తెరుచుకోదు. పైగా ముందు గదిలో ఆయన ఫోనుకు కూడా నెట్టు పోయింది. "నా గోడా పోయె, నా ఫోనూ పోయె" అని ఆయన మళ్ళీ అరుగు వైపు చూశాడు. కోడలు నిచ్చెనాయనకు ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టింది. ఆయన చెప్పిందేమిటంటే, ఫోన్లకీ కంప్యూటర్లకీ ముందు డబ్బా తలా ఒక నంబరు పంచుతుందట. కొత్తది కూడా తానే పెద్దనని పంచడం మొదలుపెట్టింది. పైగా రెండింటి ఇంటి నంబరూ, అంటే నెట్టులో వాటి చిరునామా, ఒకటే. కోడలు మళ్ళీ చెప్పమంటోంది గానీ నాకు అర్థమైపోయింది.

"ఒక్క కూరకి నువ్వూ నేనూ ఇద్దరం ఉప్పేస్తన్నామే. రోజూ జరిగేదేగా. కొత్తదాన్ని ఉప్పు డబ్బా ముట్టుకోవద్దను. ముందుది వండింది తీసుకొచ్చి వడ్డించమను, చాలు."

 "పెద్దమ్మా, అదే" అన్నాడు ఫోన్లో నిచ్చెనాయన.

ఆయన చెప్పినట్టు కోడలు గోడ తీగ పీకేసి, కొత్త డబ్బాను తన కంప్యూటరుకే కలుపుకుని దాని సెట్టింగుల పేజీ తెరిచింది. దాని ఇంటి నంబరు మార్చింది. పంచే పని ఆపేసింది. పేరూ పాస్‌వర్డూ ముందుదానివే పెట్టింది. ఆ తర్వాత గోడ తీగను, డబ్బా వెనక విడిగా రంగు వేసి ఉన్న కన్నంలో కాకుండా, వరుసగా ఉన్న మామూలు కన్నాల్లో ఒకదానిలో గుచ్చింది. అవతల మా ఆయన ఫోను, నెట్టు తిరిగొచ్చి, టింగుమని మోగింది. ఇవతల ఆకుపచ్చ లైటు నిలకడగా వెలిగింది. మా అత్త చీర రంగే.

సోమవారం కోడలు పొద్దుటి నుంచి తలుపు మూసుకుని కూర్చుంది. నేను కోళ్ళను చేత్తోనే పిలిచాను. రాకపోతే పోయాయి. సాయంత్రం బయటికి వచ్చి ఏమీ చెప్పకుండా సూట్‌కేసులోని నాలుగు చీరలూ తీసి దండెం మీద వేసింది. సూట్‌కేసును మా ఆయన అటక మీద పెట్టాడు. ఆ మర్నాటి నుంచి కూరలో ఉప్పు కోడలిదే. నేను ముట్టుకోలేదు. (రెండుసార్లు వేశానని రాయకు.)

ఆ కన్నం మీద ఆయన మళ్ళీ క్యాలెండర్ తగిలించాడు. కింది అంచు నుంచి తీగ ఒక్కటే కనబడేది. అన్నం తిన్నాక రోజూ అదే ప్రశ్న, లైటు వెలుగుతందా అని, ఒకప్పుడు నిండా పూడ్చినావా అని అడిగిన గొంతుతోనే. అడిగేది డబ్బా గురించి కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. వెలుగుతందని నేను చెప్పేదాన్ని. ఆ ఒక్క మాట మాత్రం ఏ రోజూ అబద్ధం చెప్పలేదు.

ఈ ఏడు క్యాలెండర్ నేనే తగిలించాను. కొంచెం వంకరగా వచ్చింది. గాజుల కోసం ట్రాక్టరు వెనక పరిగెత్తిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే తిట్టను. ఇంకాసేపు తిరిగి రమ్మంటాను, ఇక్కడ పూడ్చేవాడు పూడుస్తాడులే అని.

ఏదీ అమ్మాయ్, రాసింది ఒకసారి చదివి వినిపించు. మొదటి నుంచి చదువు. ఆయన "తెలుసే" అన్న చోట మాత్రం కొంచెం నిదానంగా చదువు.