నాయనమ్మ ఏమన్నదో

కాస్త దగ్గరకు జరిగి కూర్చోండి, నా గొంతు ఇదివరకటిలా లేదు. మలేషియాలోని ఈ క్లాంగ్‌లో మా వీధి చివర చెప్పుల కొట్టు తెరిచినప్పుడల్లా కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలి, నన్ను సుంగై పెటాని ఊరి దగ్గరి రబ్బరు తోటలోకి, మా తాత ముందుకు లాక్కుపోతుంది.

తాత రబ్బరు చెట్లకు గాటుపెట్టి పాలు తీసే కూలీ. ఆదివారం తోటలోని క్రైస్తవుల గుడిలో వాక్యం చెప్పేవాడు. యూదుల బోధకులైన తొలినాటి రబ్బీల ధర్మశాస్త్రాన్ని ఒక ముసలి పాస్టరుగారి దగ్గర చెవితోనే నేర్చుకున్నాడు. రబ్బీ అంటే రబ్బరు తోటలో పనిచేసే అయ్యగారని మేం పిల్లలం చాలా ఏళ్ళు నమ్మాం. వాన పడి చెట్లు తడిస్తే ఆ రోజు పని ఉండదు. రేకుల మీద చినుకులు మోగుతుంటే, ఎండుచేపల పులుసు ఉడుకుతుంటే, మేం రబ్బరు గింజలను గచ్చుకు రుద్ది వేడెక్కాక ఒకరి చేతికొకరం అంటించి కేకలు పెడుతుంటే, తాత మమ్మల్ని కూర్చోబెట్టి తను చెప్పింది చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ అనిపించేవాడు. కాగితం ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రబ్బీలు నోటినుంచి నోటికే చదువు అందించారట; ఏ మాట ఎవరన్నారో పేరు చెప్పాలట; వాదంలో ఓడినవాడి మాటను కూడా గెలిచినవాడి మాట పక్కనే దాచాలట.

ఒక వానపొద్దున పొలం మూల సంగతి వచ్చింది. కోతలో ఒక మూల కోయకుండా పేదలకు వదలాలి. ఆ మూల ఎంతుండాలన్నదే రబ్బీల వాదన.

"మనకి పొలమేటి, మూలేటి?" అంది వంటింట్లోంచి నాయనమ్మ.

"ఒలే, అన్నం కుండుంది కదా. మనం తినకముందే పక్కింటి ముసిల్దానికి మూల తీసెయ్యాల," అన్నాడు తాత.

"గుండ్రటి కుండకి మూలెక్కడిదయ్యా! మీ రబ్బీలు ఎప్పుడన్నా వండినారేటి?"

అందరం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత నాయనమ్మ గరిటె కింద పెట్టి, నెమ్మదిగా ఇంకో మాట అంది. తాత నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగాడు.

"పిల్లా, నా మాట సెప్పినావు. ఇప్పుడు మీ నాయనమ్మ మాట సెప్పు."

వంటింటి మాటను వల్లెవేయడమేమిటని నవ్వేసి, వాన వెలిసిందని గింజలేరడానికి పరుగెత్తాను.

తాత పోయాడు, నాయనమ్మ పోయింది, ఆ మాట విన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. తోట కొట్టేసి ఫ్యాక్టరీ కట్టారు. మా మనవరాలు గ్రేసు కౌలాలంపూర్‌లో క్రైస్తవ వేదాంత కళాశాలలో ఆ రబ్బీల శాస్త్రమే చదువుతోంది. మొన్న వచ్చి ఫోను నా నోటి దగ్గర పెట్టింది. తాత మాటలు ఒక్కటీ తప్పకుండా చెప్పాను. మన తెలుగు దానికి అర్థమవుతుంది గాని నోటికి రాదు. సగం తమిళంలో, చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి, ఆవిడ ఏమందని అడిగింది.

"అప్పుడు మీ నాయనమ్మ ఏటి సొన్నాంగ, అమ్మమ్మా? అదే ముఖ్యం లా!"

నోరు తెరిచాను. గరిటె చప్పుడు గుర్తుంది. పులుసు వాసన గుర్తుంది. ఆవిడ పెదవులు కదలడం కూడా కనిపిస్తోంది. మాట లేదు. మరిచిపోయానని కూడా అనలేను, అసలు తీసుకుంటే కదా మరవడానికి. ఇక ఈ లోకంలో ఎవరిని అడగను? గ్రేసు ఫోను ఆపలేదు. అందులో నా ఊపిరి ఒక్కటే పడింది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ ఇంటి ఆడమనిషి వంటింట్లోంచి ఒక మాట అంటే, వాన వెలిసినా లేచిపోకుండా వినే బిడ్డ ఒక్కరైనా మీకు పుట్టాలి.