భూమి మగ్గబెట్టిన చమురు

ఎమ్మెస్సీ జియాలజీ పూర్తవగానే, సముద్రంలో చమురు బావి తవ్వే చోట నాకు ఉద్యోగం వచ్చింది. బోరులోంచి పైకొచ్చే రాతిపొడి చూసి కింద ఏముందో చెప్పాలి. సోమవారం చేరాలి. నాన్న మాత్రం ససేమిరా అన్నాడు. "సముద్రం మధ్యలో ఆడపిల్లకేం పనే?" అని ఒకటే సణుగుడు. మొండితనంలో నేనూ ఆయన కూతుర్నే. మాట్లాడటం మానేశాను.

శనివారం మిరప కల్లంలో దొరికాడు. కోసిన కాయల్ని మేం వెంటనే ఎండబెట్టం. రాశి పోసి, పట్టా కప్పి మగ్గబెడతాం. లోపలి వేడికి దోరకాయలు కూడా ఎర్రబడతాయి. మరీ మగ్గితే పాడైపోతాయి. నాన్న రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి వేడి చూస్తున్నాడు.

"నేను చదివిందీ ఇదే," అన్నాను కోపంగానే.

"ఏది?"

"పెట్రోలు సంగతి. సముద్రంలో కంటికి ఆనని జీవులు చచ్చి అడుక్కి చేరతాయి. వాటి మీద బురద, దాని మీద ఇంకో పొర. కిందికి దిగేకొద్దీ వేడి. ఆ వేడికి మగ్గి చమురవుతుంది. వేడి చాలకపోతే పచ్చిగానే ఉంటుంది, ఎక్కువైతే గ్యాసైపోతుంది."

"ఎన్నాళ్లు మగ్గాలే?"

"కోట్ల ఏళ్లు."

"ఓరి నాయనో! మనకి మూడో రోజుకే ప్రాణం ఆగదు."

"జీవులతో పనిలేకుండా, ఇంకా లోతున రాళ్లలోనే పుడుతుందనేవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది ఒప్పుకోరు."

"పోన్లే, వాదించుకోనీ. ఎవరు దిగి చూశారు గనక!"

ఇదంతా నేను పరీక్షల కోసం బట్టీ పట్టిందే. ఆ రోజు నాన్నకి చెబుతుంటే నాకే ఒళ్లు ఝల్లుమంది. ఎవరూ పట్టా కప్పకుండా, ఎవరూ చెయ్యి పెట్టి చూడకుండా, ఇంత పనీ భూమి తనంతట తానే చేసుకుపోయింది. ఎంత ఓపిక దానికి!

అంతలో పక్క కల్లం రైతు కేకేశాడు. "ఏరా, పిల్లని సముద్రం మీదకి పంపట్లేదంటగా? మంచి పని చేశావ్!"

నాన్న గిర్రున తిరిగాడు. "ఎవడ్రా నీకు చెప్పింది? సోమవారం నేనే తీసుకెళ్లి దింపొస్తా. భూమిలో ఏం మగ్గుతుందో నీకు తెలుసా, నాకు తెలుసా? మా అమ్మాయి చెప్పాలి!"

ఊరంతా వినపడేలా అరిచాడు. ఆ తర్వాత నా వంక చూడకుండానే, మెల్లగా, "అక్కడ వేళకి అన్నం పెడతారా?" అనడిగాడు.

"పెడతారు నాన్నా," అంటూ తల ఊపాను.