మట్టిలోని ఫోను

మా వైపు మనిషిని పూడ్చేటప్పుడు, బతికినన్నాళ్లూ అతని చేతిని వదలని వస్తువు ఒకటి గుంతలో పెట్టి పంపుతారు. మా తాతకు గొర్రెలు తోలే కర్ర పెట్టారు. అవ్వకు వక్కాకు సంచి. మా అన్నకు ఫోను పెట్టారు. వేప్పనపల్లి దగ్గర మా ఊరి నుంచి కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు టెంపోలో కాయ తోలేవాడు. ఫోను చెవికి పెట్టుకునే పుట్టాడని ఊరంతా ఎగతాళి చేసేది. గుండె ఆగి పోయిన రోజు, శవం వాకిట్లో ఉండగానే, మా వదిన ఆ ఫోనును లోపల ఛార్జింగుకు పెట్టింది.

"దారిలో అయిపోతే ఎట్లప్పా?" అంది నాతో.

నవ్వు వచ్చింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

నేను హోసూరులో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. అందరి ఫోనుల్లా కాక లినక్స్ అనే వేరే సాఫ్ట్‌వేరుతో నడిచే ఫోను ఒకటి కొన్నాను, అది నా పిచ్చి. అందరూ వాడే మెసేజీ యాప్ దాంట్లోకి రాదు. దాన్ని కంప్యూటర్‌లో నడపడానికి బయటివాళ్లు రాసింది ఒకటి ఉంది, దాని ప్రోగ్రామును ఎవరైనా తీసి మార్చుకోవచ్చు. దాన్ని కుదించి నా ఫోనులో పట్టించాలని పంతం పట్టాను. మొదటిసారి తెరుచుకున్నప్పుడు పేర్లన్నీ సగానికి తెగి కనబడ్డాయి. అయినా గొప్పగా అన్నకు చూపించి, "చూడున్నా, పని చేస్తాంది," అన్నాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట," అని పోయాడు. మా అన్న మెచ్చుకోవడం అంతే.

ఫ్యాక్టరీ నుంచి అన్న ఫోనుకు వచ్చే గేటు చీటీలు ప్రింటు తీసివ్వడానికి అతని అకౌంటును నా ల్యాప్‌టాప్‌కు జతచేసుకున్నాం. అలా జతచేస్తే, అసలు ఫోను ఆగిపోయినా మెసేజీలు కొంతకాలం కంప్యూటర్‌కు వస్తూనే ఉంటాయి. ఇది మా ఇద్దరికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు.

అన్న పోయాక కొన్నాళ్లు ల్యాప్‌టాప్ ముట్టలేదు. తర్వాత మెసేజీల్లోని అతని గొంతు జేబులో పెట్టుకుని తిరగాలనిపించింది. ఒక ఆదివారం పొద్దున కూర్చుని అతని అకౌంటును ల్యాప్‌టాప్‌లోంచి అలాగే తీసి లినక్స్ ఫోనులోకి ఎక్కించాను. యాప్‌కు తాను ఇంకా వెడల్పాటి తెర మీదే ఉన్నానని భ్రమ: ఎడమ పక్క పేర్లు, కుడి పక్క మాటలు. రెండూ ఒకేసారి కాకుండా, పేరు తాకితే మాటలు వచ్చేలా మార్చాను. సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని అన్నిటికన్నా పైనున్న పేరును తాకాను.

అది వదిన పేరు. తెర నిండా ఆమె గొంతు రికార్డులు వరసగా ఉన్నాయి. వాటిని ఆడించే బొత్తాము కుడి అంచు దాటి బయటికి పోయింది. తిట్టుకుంటూ దాన్ని లోపలికి లాగే పనిలో పడ్డాను. పనిలో ఉండగా తేదీలు కంటబడ్డాయి. అన్నీ అన్నను పూడ్చిన తర్వాతివే.

ఇంతలో నా మామూలు ఫోను మోగింది. వదిన.

"ఏమప్పా, మీ అన్న నేను పంపినవన్నీ చూసినాడు. నీలం టిక్కులు పడినాయి. ఊపిరి ఉండంగానే పూడ్చేసినామేమో అప్పా. నేను తవ్వతాండా."

"వదినా, అది నేను చూసింది..." అనేలోపే పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

కృష్ణగిరి బస్సు ఎక్కాను. దారిలో జేబులోని లినక్స్ ఫోను మోగుతూనే ఉంది. ఆమె పంపుతోంది, అన్నకు. ఆ మాట యాడ పుట్టి యాడికి వస్తుందో తెలిసినవాణ్ణి, ఆ ప్రోగ్రామును చేతులారా మార్చినవాణ్ణి. అయినా బర్గూరు పక్క కొండలు కనబడేసరికి నాకూ ఆ ఆలోచన పట్టుకుంది. ఒకవేళ నిజంగానే అన్నకు ఊపిరి ఉండిందేమో? భయపడ్డాను. ఆ భయానికి చదువు అడ్డం రాలేదు.

అన్నను పూడ్చిన మా తోటలో వదిన ఒక్కతే ఉంది, చెంగు బిగించి, గడ్డపార పట్టుకుని. సమాధి మీది మట్టి ఒక పక్క లేచిపోయి ఉంది.

"ఆగు వదినా. ఇప్పుడొక మాట పంపు ఆయనకి."

నన్ను అనుమానంగా చూస్తూనే ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "ఏమయ్యా, ఉండావా?"

నా జేబు మోగింది.

ఆమె జేబు వైపు చూసింది, నా మొహం చూసింది. గడ్డపార కింద పెట్టింది. ల్యాప్‌టాప్, గేటు చీటీలు, ఈ ఫోను, అంతా చెప్పాను. అడ్డు రాకుండా విన్నది.

"అయితే ఆయప్ప పోయింది నిజమేనా?"

"నిజమే వదినా."

అన్న చనిపోయాడన్న మాట అప్పటిదాకా నేనెవరికీ నోరు తెరిచి చెప్పింది లేదు. మొదట చెప్పింది ఆమెకే.

"నేను పంపినవన్నీ నువ్వు వింటివా?"

"లేదు. ఆడించే బొత్తాము కనబళ్లేదు."

"మంచి పని చేసినావు," అంది. నా పనితనాన్ని మా ఇంట్లో ఎవరైనా నేరుగా మెచ్చుకున్నది అదొక్కసారే. తర్వాత, "ఆయప్పకి వినిపించు. నువ్వు దూరం పో," అంది.

ఫోనును అడ్డంగా తిప్పితే తెర వెడల్పై బొత్తాము కనబడుతుంది. నొక్కేది చూపించి, మట్టి మీద అడ్డంగా పెట్టి, తోట అవతలి గట్టుకు పోయి కూర్చున్నాను. ఒకే మనిషి గొంతు రెండుగా వినబడింది, ఫోనులోంచి ఒకటి, దానికి తోడుగా మళ్లీ మాట్లాడుతూ ఇంకొకటి. మాటలు అర్థం కాలేదు. కాకూడదనే అంత దూరం పోయాను. తిరిగి వచ్చేసరికి లేచిన మట్టిని చేత్తో సర్ది, తట్టి, గట్టి చేస్తోంది.

అసలు ఫోను ఎన్నాళ్లకూ పలకకపోతే యాప్ కంపెనీ జతలను తెంచేస్తుంది. ఒకనాడు హోసూరులో టీ తాగుతూ చూస్తే, అన్న మాటలన్నీ పోయి, మీ ఫోనుతో ఈ కోడ్‌ను స్కాన్ చేయండి అనే పేజీ వచ్చింది. ఇక దాని అవసరం రాదని ఆ ఒక్క పేజీని నేను కుదించలేదు. కోడ్ సగం తెర బయటే ఉంది. సాయంత్రం వదిన ఫోను చేసింది.

"ఇప్పుడు ఒక టిక్కే పడతాందప్పా. నా మాట చేరినట్టు లేదు."

కంపెనీ జత తెంచేసిందని చెప్పబోయాను.

"పడుకున్నాడులే," అంది. గొంతు తేలికగా ఉంది. టెంపోకు డ్రైవరును చూడమని చెప్పి పెట్టేసింది.

నాకు మాత్రం మోగని జేబు మోగినట్టే ఉంటుంది. ఆ పేజీని కూడా సరిచేశాను. కోడ్ ఇప్పుడు చిన్న తెరలో నిండుగా సరిపోతుంది. మొన్న ఊరికి పోయినప్పుడు, వదిన కాయలు ఏరుతున్న వేళ చూసి, సమాధి దగ్గర వంగి, ఆ తెరను మట్టిలోని అన్న ఫోను వైపు తిప్పి కాసేపు పట్టుకున్నాను.