గోళ్ల మీది గులాబీ

కాజీపల్లిలో మా పక్క గదిలో కిరాయికుండే అక్క, బట్టల రంగులు తయారుచేసే కంపెనీలో పనిచేసేది. ఆదివారం మధ్యాహ్నం గడపలో కూర్చుని గోళ్లన్నిటికీ లేత గులాబీ పాలిష్ పూసేది. అది ఆరాక స్పాంజి ముక్కను ముదురు గులాబీలో ముంచి, కొసల నుంచి లోపలికి మెల్లగా అద్దేది. కుదురు దగ్గర లేతగా ఉన్న రంగు కొసకు వచ్చేసరికి చిక్కబడేది.

"యాడ మొదలైందో తెల్వొద్దు పిల్లా. తెలిస్తే అది షోకు గాదు, అతుకు," అనేది.

వారం మధ్యలో పెచ్చులూడితే మళ్లీ అద్దుకునేది. గిన్నెలు కూడా వేళ్లు పైకెత్తి అరచేతులతోనే తోమేది. చూసి మా అమ్మ నవ్వేది.

ఒక ఎండాకాలం అక్కకు దగ్గూ ఆయాసమూ పట్టుకుని వదల్లేదు. సంగారెడ్డి ఆస్పత్రికి నేను తోడు వెళ్లాను.

"గోళ్ల రంగు చూడాలి, పాలిష్ తీసెయ్యండి," అన్నది నర్సు.

అక్క పిడికిళ్లు బిగించింది. "జెర ఉండనియ్యి సిస్టరమ్మా, గిదొక్కటి," అని బతిమాలింది. చివరికి నేనే ఒక్కో వేలూ విప్పి దూదితో తుడిచాను. గులాబీ కింద గోళ్లన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. అది కంపెనీ రంగు. ఎంత తోమినా పోయేది కాదట.

డాక్టరు వచ్చి ఆయాసం చూసి, "అసలిది ఎక్కడ మొదలైందమ్మా?" అని అడిగాడు.

అక్క ఆ గోళ్లనే చూస్తూ, "యాడ మొదలైందో తెల్వలే సారూ," అన్నది.

ఆ తర్వాత అక్కకు ఇంకో ఆదివారం రాలేదు.