బావిలో పోసిన మర్యాద

మా ఊరికి వచ్చిపోయినన్ని రకాల చదువులు ఏ పట్నం కాలేజీలోనూ ఉండవు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క పులికాట్ సరస్సు, నడుమ ఉప్పునేల, ఆ నేల మీద రొయ్యల గుంటలు. ఇందులో చూడ్డానికి ఏముందో నాకు తెలియదు గానీ పక్షుల వాళ్ళు వచ్చారు, శాసనాల వాళ్ళు వచ్చారు, మా మాట రికార్డు చేసుకునేవాళ్ళు వచ్చారు, మేం ఏం తింటామో రాసుకునేవాళ్ళూ వచ్చారు. వచ్చినవాళ్ళందరూ నా ఇంట్లోనే భోంచేశారు. ఊళ్ళో పైవాళ్ళకు అన్నం వండిపెట్టే ఇల్లు నాది ఒక్కటే మరి.

మా ఆయన పోయాక చాలా ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మాను. వీధి ఈ చివర నేను కేక వేస్తే ఆ చివరింట్లో పులుసుకు చింతపండు నానేసేవాళ్ళు. ఆ కేకలకే గొంతు ఇట్లా బొంగురుపోయింది. మోకాళ్ళు మొరాయించాక గంప దించి వంట మొదలుపెట్టాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు పుస్తకంలో రాస్తోంది. నడుమ నడుమ నవ్వుతోంది కూడా, అది మాత్రం రాయొద్దన్నాను.

పరిశోధన అంటే ఏమిటో ఈనాటికీ నాకు సరిగా తెలియదు. దానికి ముందు జరిగే తయారీ మాత్రం బాగా తెలుసు. వాళ్ళు తయారై వచ్చేవాళ్ళు, మేం తయారై ఉండేవాళ్ళం. రెండు తయారీలూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకునేవి.

పక్షుల సారునే చూడండి. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ సంచి. పక్షుల కంటపడకూడదని ఎక్కడో అడవిలో నేర్చుకున్నాడట. మా సరస్సు ఒడ్డున ఆకు అనేదే ఉండదు. ఆ తెల్లటి బురదనేల మీద ఆయన ఒక్కడే పచ్చగా, మైలు దూరం నుంచి చిలకలాగా కనబడేవాడు. అదైనా పక్షులు ఓర్చుకునేవేమో. అంత పెద్దాయన వస్తున్నాడని మా ఊరివాళ్ళు మేళం పెట్టి, డప్పులతో సరస్సు దాకా ఊరేగించి తీసుకుపోయారు. ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచి తమిళనాడు వైపు పోయాయి. ఆయన మెడలో పూలదండతో, కళ్ళకు దుర్భిణితో చాలాసేపు ఖాళీ నీళ్ళకేసి చూశాడు.

శాసనాల సారు ఇంకా గట్టిగా తయారై వచ్చాడు. సరస్సు దారిలో అక్షరాలున్న పాతరాయి ఒకటుంది. దాని గురించి ముందువాళ్ళు చెప్పిందంతా చదివి, అచ్చు తీసుకోవడానికి కాగితాలూ సిరా తెచ్చుకున్నాడు. సారు వస్తున్నాడని తెలిసి మేం ఆ రాయికి దిట్టంగా సున్నం కొట్టి, పసుపు పూసి, బొట్లు పెట్టి, కింద సిమెంటు అరుగు కట్టించాం. పై అక్షరాలు సున్నంలోకీ, కింది అక్షరాలు అరుగులోకీ పోయాయి. ఆ రోజు ఆయన నా వంట ముట్టలేదు.

మాటల అమ్మాయి పాపం, మా ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఎట్లా మాట్లాడుకుంటారో వినాలని వచ్చింది. మిషను ముందు పెట్టగానే అందరూ టీవీలో వార్తలు చదివేవాళ్ళయిపోయారు. "మీ రాక మాకెంతో సంతోషదాయకం" అని ఎవత్తో అంటే నాకే భయమేసింది. తిండి లెక్కల వాళ్ళు వచ్చినప్పుడైతే ఊరు ఊరంతా ఒకే గొంతుతో పాలు, గుడ్లు, దానిమ్మపండ్లు అని చెప్పింది. దానిమ్మపండు మా అంగట్లో నేనెప్పుడూ చూడలేదు.

ఈ తయారీలన్నింటికీ పెద్ద మా తోడికోడలు. మా మరిది పెళ్ళాం, ఊరికి వార్డు మెంబరు. చెడ్డ మనిషి కాదు. ఎప్పుడో ఊళ్ళ శుభ్రం చూడ్డానికి తనిఖీవాళ్ళు వచ్చినప్పుడు, ముగ్గులేసి రంగులు కొట్టుకున్న పక్క ఊరికి సిమెంటు రోడ్డు వచ్చింది, పేడకుప్పలు కనబడిన మా ఊరికి ఏమీ రాలేదు. ఆ దెబ్బ ఆమె మనసులో ఉండిపోయింది. చేతిలో పెన్ను పట్టుకుని ఎవరొచ్చినా ఆమె లెక్కలో తనిఖీయే. ఏం అడగాలో వాళ్ళు నేర్చుకుని వస్తే, ఏం చెప్పాలో ఆమె ముందురోజే ఇంటింటికీ తిరిగి నేర్పేది.

ఇంతదాకా నవ్వుకోవచ్చు. నీళ్ళ మేడమ్ వచ్చిన సంగతి వేరే.

మా వీధి బావి ఒకప్పుడు మంచినీళ్ళ బావే. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాక ఉప్పు దిగింది. పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరుగుతాయి, తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరిపీచు. ఉన్నవాళ్ళం క్యాను నీళ్ళు కొనుక్కుంటాం. లేనివాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. ఎగువ నుంచి మంచినీళ్ళ పైపు వేస్తామన్నారు, కానీ అన్ని ఊళ్ళకూ కాదు. నీళ్ళు చెడ్డవని పరీక్షలో తేలిన ఊళ్ళకే. ఆ పరీక్ష చేసేది ఈ మేడమే. భోజనాలకు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతంతా నాకు విడమరిచి చెప్పింది. అంటే మా ఊరికి పైపు రావడం, రాకపోవడం ఆమె తీసుకుపోయే సీసాడు నీళ్ళలో ఉందన్నమాట.

ఇదే మాట వెళ్ళి తోడికోడలికి చెప్పాను.

"నీళ్ళు బాగలేవని తేలాల మే. తేలితేనే మనకు పైపు."

"బాగలేదని తేలిన ఊరికి ఎవురన్నా ఏమన్నా ఇచ్చినారా అక్కా? నువ్వు వంట చూసుకో. ఊరి సంగతి నేను చూసుకుంటా."

నేను వంట చూసుకున్నాను. ఆమె ఊరి సంగతి చూసుకుంది. తెల్లవారేసరికి బావిలో మోటారు పెట్టి ఉన్న నీళ్ళన్నీ తోడించింది. నాయుడుపేట వైపు నుంచి మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించి బావిలో పోయించింది. వరలకు రంగు, గట్టు చుట్టూ ముగ్గు, గిలకకు బంతిపూల దండ. నేను చేపలు కడుగుతూ ట్యాంకరు పోవడం చూశాను గానీ, వచ్చినవాళ్ళకు తాగడానికేమో అనుకున్నాను. బావిలో పోస్తారని ఎవరనుకుంటారు?

మేడమ్ తయారీ కూడా తక్కువది కాదు. ఏ బావి ఏ మూల ఉందో ఫోన్‌లో చుక్కలు పెట్టుకుని వచ్చింది. సీసాలు ముందే కడిగి, ఆరబెట్టి, మా ఊరి పేరు అంటించి ఐసుపెట్టెలో సర్దుకుంది. వెంట ఒక శిష్యురాలు. బావి దగ్గర దండ చూసి "ఎవరిదైనా పెళ్ళా?" అని అడిగింది ఆ పిల్ల. తోడికోడలు పట్టుచీరలో ఎదురెళ్ళి కొబ్బరికాయ కొట్టించింది. బావికి, మేడమ్‌కు కాదు. మేడమ్‌కు శాలువా కప్పింది.

బకెట్టుతో తోడి, అందులో కడ్డీలాంటి మిషను ముంచారు. శిష్యురాలు అంకె చూసి మళ్ళీ చూసింది.

"మేడమ్, ఉప్పు దాదాపు లేదు."

"ఆశ్చర్యంగా ఉందే" అంది మేడమ్. "సరే, మంచిదే. అయితే ఈ ఊరిని తీసేయొచ్చు. వెనకున్న ఊళ్ళకు పైపు తొందరగా అందుతుంది."

సీసా నింపారు. మూత బిగిస్తున్నారు. మా తోడికోడలు మొహం చూడాలి అప్పుడు, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లలాగా వెలిగిపోతోంది. పొద్దున చూసిన ట్యాంకరు ఎక్కడికి పోయిందో నాకు అప్పుడు తెలిసింది. వంట దగ్గర నుంచి గరిటతోనే వచ్చినదాన్ని, అట్లాగే ముందుకు జరిగాను.

"మేడమ్, ఆగండి. ఈ బావిలో పొద్దున ట్యాంకరు నీళ్ళు పోసినారు" అన్నాను.

"ఏందక్కా ఆ మాటలు!" అంటూ తోడికోడలు అడ్డమొచ్చింది. "పట్టించుకోబాకండి మేడమ్. పెద్దదైపోయినాది, కళ్ళు సరిగ్గా ఆనవు."

"ట్యాంకరు ఆననంత గుడ్డిదాన్నయితే నీ చీర జరీ నాకెట్టా ఆనతాండాది మే?"

"గమ్మునుండు అక్కా, ఊరి పరువు పోతాండాది."

మేడమ్ ఇద్దరినీ చూసి, చుట్టూ నిలబడిన ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఈ బావి నీళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

నేర్పిన పాఠం ఊరికే పోతుందా? అందరూ ఒక్కసారే అన్నారు: "ఉంటాయి మేడమ్! కొబ్బరినీళ్ళ మాదిరి ఉంటాయి!"

పైపు కావాలని నిన్నటిదాకా నా గుమ్మంలో కూర్చుని ఏడ్చినవాళ్ళే వీళ్ళు. తప్పు చెబుతున్నామని కూడా వాళ్ళకు తోచలేదు. అడిగితే బాగుందని చెప్పాలి, అంతే. శిష్యురాలు రాసుకుంది. నేనొక్కదాన్ని, వాళ్ళు ఊరంతా. ఎవరి మాట రాస్తారు? మీరైనా అంతే కదా.

ఇంక వాదించి లాభం లేదనిపించింది. గరిట గట్టు మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, వీధి వైపు తిరిగి చేపల కేక వేశాను. గంప దించాక ఆ కేక మళ్ళీ వేయడం అదే.

"అమ్మోవ్! నీళ్ళూ! మంచినీళ్ళూ! బావి నిండా ట్యాంకరు నీళ్ళుండాయి! అయిపోతే మళ్ళీ రావూ! బిందెలు తేండమ్మో, బిన్నా తేండీ, గబగబా తేండీ!"

ముందు కదిలింది ఆ కొబ్బరినీళ్ళ గుంపే. ఒకామె మెల్లగా వెనక్కి జరిగింది. ఇంకొకామె చీర కొంగు బిగించింది. తర్వాత చూసుకోండి, వీధిలో ప్రతి తలుపూ తెరుచుకుంది. ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు, బకెట్లు, ఇడ్లీ కుండ కూడా. ముగ్గు తొక్కేశారు, దండ తెగి బావిలో పడింది.

"నేను ముందొచ్చినా!"

"నీ బిందె యాడ పెట్టినావు మే ముందొచ్చేదానికి?"

"ఇంటికి నాలుగే అనుకోండి, అందరికీ రావాల!"

"నాలుగు నీకు సరిపోతాయి, మా ఇంట్లో ఎంతమంది ఉండారో తెలీదా?"

తోడికోడలు చేతులు చాచి అడ్డం నిలబడింది. "పోండే! పరువు తీస్తాండారు! ఎవురూ తోడబాకండి!" అంతలో ఆమె సొంత కోడలే నీలం డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చింది. "అత్తా, పక్కకు జరుగు, డ్రమ్ము కాలికి తగలతాది" అంది.

మేడమ్ శిష్యురాలిని రాయడం ఆపమంది. శాలువా తీసి మడిచి చేత పట్టుకుని, ఆ తోపులాటలో బిందె నింపుకుని వస్తున్న ఒకామెను ఆపింది.

"రోజూ ఉండే నీళ్ళే కదమ్మా. ఇంత కొట్లాటెందుకు?"

"రోజూ యాడుంటాయి మేడమ్! రోజూ ఉండేటివి నోట్లో పోసుకుంటే వాంతికొస్తాది" అనేసింది ఆమె. తర్వాత తోడికోడలి కళ్ళు చూసి, బిందె సర్దుకుని, "కొబ్బరినీళ్ళ మాదిరే ఉంటాయి మేడమ్" అని వెళ్ళిపోయింది.

మేడమ్ గట్టు మీద కూర్చుండిపోయి నవ్వింది. నవ్వి, మూత బిగించిన సీసా విప్పి, ఆ నీళ్ళు ముగ్గు మీద పారబోసింది.

"మేడమ్, సాయంత్రంలోగా ఇంకా ఊళ్ళున్నాయి" అంది శిష్యురాలు. "ప్లాను ప్రకారం..."

"ప్లాను ఆపేద్దాం. శ్రీహరికోటలో అంతా సిద్ధం చేసుకుని కూడా ఏదో తేడా ఉందనిపిస్తే ఆపేస్తారు. మనదెంత?"

అది నిజమే. రాకెట్టు ఎగిరితే మా అలమరలో గిన్నెలు గలగలమంటాయి. ఒక్కోసారి డాబాల మీదకెక్కి ఎదురుచూస్తుంటే ఆపేశారని తెలుస్తుంది. తిట్టుకుంటూ దిగుతాం. ఆపినవాళ్ళను తిట్టకూడదని నాకు ఆ రోజు తెలిసింది.

అందరూ నా ఇంటికి వచ్చి మామిడికాయ వేసిన చేపల పులుసుతో భోంచేశారు. మేడమ్ రెండోసారి అడిగి వేయించుకుంది. తోడికోడలు తినకుండా వాకిట్లో కూర్చుంది. నేనే కంచం తీసుకుపోయి పెట్టాను. "నీ నోరు పడిపోను" అంటూనే చేప తలకాయ తనకే వేయమంది.

వాళ్ళు చేతులు కడుక్కునేసరికి బావి అడుగు కనబడుతోంది. ఆ సాయంత్రం దాకా ఊట ఊరింది, అసలు నీళ్ళు వచ్చాయి. మిషను ముంచగానే శిష్యురాలు "అమ్మో" అంది. నాలుక మీద ఒక చుక్క వేసుకుని అవతలికి పోయి ఉమ్మింది. మేడమ్ ఐసుపెట్టెలో నుంచి మా ఊరి పేరు అంటించిన రెండో సీసా తీసింది.

"రెండోది కూడా తెచ్చుకున్నారా?" అని అడిగాను.

"ప్రతి ఊరికీ ఒకటి ఎక్కువే తెస్తానమ్మా" అంది. "ఎప్పుడూ వాడలేదు. దీనికోసమని తెలియదు."

ఇది జరిగి కొన్ని నెలలైంది. మా ఊరు పైపు వేసే ఊళ్ళలో చేరింది. కానీ పని మొదలుపెట్టే ముందు వేరే బృందం వచ్చి ఇంకొక్కసారి నీళ్ళు చూసుకుంటుందట. వాళ్ళు ఈ వారంలోనే వస్తారు.

ఆ కబురు తెలిసిన రోజే తోడికోడలు గూడూరు పోయి ఆటోలో రాళ్ళుప్పు మూటలు దింపించింది.

"ఇవి ఎందుకు మే?"

"ఈసారి పొరపాటు జరగదక్కా. వాళ్ళొచ్చే ముందు బావిలో పోసేద్దాం. ఉప్పు గట్టిగా తేలాల."

"సముద్రమే బావిలోకి వచ్చి కూర్చోనుండాది గదే! ఇంక నీ ఉప్పు దేనికి?"

"చాలకపోతే?" అంది. మొహంలో నవ్వు లేదు. "నువ్వు వంట చూసుకో. ఊరి సంగతి నేను చూసుకుంటా."

అప్పటి నుంచి నా మంచం బావి పక్కన వేసుకున్నాను. కూరలు తరగడం, చేపలు కడగడం, ఇదిగో ఈ పుస్తకానికి మాటలు చెప్పడం, అన్నీ ఇక్కడే. ఎదురుగా ఆమె అరుగు, అరుగు మీద ఉప్పు మూటలు, మూటల పక్కన ఆమె. ఆమె బావిని చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను.